‘నాకది పడదండీ’ అంటే మీ సర్వర్ ఏం చేస్తాడు? హోటల్ స్టాఫ్‌కి ఎలర్జీ ట్రైనింగ్: ఏ దారి ఎవరికి

మన వైపు ఎవరూ హోటల్‌కి వచ్చి ‘నాకు ఫుడ్ ఎలర్జీ ఉంది’ అని చెప్పరు. ‘పడదు’ అంటారు. ‘వంకాయ నాకు పడదమ్మా, దురద పెడతాది’, ‘పెరుగు పడదు, జలుబు చేస్తాది’, ‘మా వాడికి రొయ్యలు పడవండి’. చిక్కంతా ఈ మాటలోనే ఉంది. ఇష్టం లేనివాడూ పడదనే అంటాడు, డాక్టర్ పథ్యం పెట్టినవాడూ పడదనే అంటాడు, తింటే గొంతు మూసుకుపోయేవాడూ పడదనే అంటాడు. సర్వర్ చెవికి మూడూ ఒకలాగే వినిపిస్తాయి.

మాది విజయనగరంలో 40 సీట్ల ఫ్యామిలీ రెస్టారెంట్. రెండేళ్ల కిందట ఒక ఆదివారం మధ్యాహ్నం ఒకావిడ ‘పాపకి జీడిపప్పు పడదు, వెయ్యొద్దని చెప్పండి’ అంది. మా కుర్రాడు వెంటనే లోపలికెళ్లి చెప్పాడు. మాస్టర్ కూడా మాట విన్నాడు, వెజ్ కుర్మా పైన చల్లే వేయించిన జీడిపప్పు వెయ్యలేదు. కానీ ఆ కుర్మాకి పోసిన వైట్ గ్రేవీయే జీడిపప్పు ముద్ద. పలాస మనకి దగ్గర, ముక్క బద్ద చవగ్గా దొరుకుతుంది, గ్రేవీ చిక్కబడడానికి అంతకంటే సులువైనది లేదు. నాలుగు ముద్దలకే పాప పెదాలు వాచిపోయాయి, మెడ మీద దద్దుర్లు లేచాయి. ఆసుపత్రి దగ్గర్లోనే ఉండబట్టి సాయంత్రానికి కుదుటపడింది. ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరూ నిర్లక్ష్యం చెయ్యలేదు. ‘జీడిపప్పు వెయ్యొద్దు’ అంటే పైన చల్లేది మాత్రమే కాదని వాళ్లకి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాణ్ణి నేను.

ఆ తర్వాత ట్రైనింగ్ ఎలా ఇప్పించాలా అని వెతికాను. శ్రీకాకుళంలో మా బావది టిఫిన్ సెంటర్, ఐదుగురు పనివాళ్లు. ‘ఏటిరా, ఇడ్లీ అమ్ముకునేవోడికి కూడా ట్రైనింగా?’ అని మొదట నవ్వాడు. తర్వాత తనూ దిగాడు. ఇద్దరం కలిపి నాలుగైదు దారులు చూశాం, కొన్నింటికి డబ్బు కట్టాం, కొన్నింటికి టైమ్ ఖర్చు పెట్టాం. చివరికి నేను ఎంచుకున్నది వేరు, బావ ఎంచుకున్నది వేరు. రెండూ సరైనవేనని నా అభిప్రాయం.

ఎంచుకునే ముందు తెలియాల్సినవి

చట్టం మాట ముందు. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం ప్యాకెట్ మీద తప్పనిసరిగా చెప్పాల్సిన ఎలర్జీ పదార్థాలు ఎనిమిది గుంపులు: గోధుమ, బార్లీ లాంటి గ్లూటెన్ (జిగురు ప్రోటీన్) ఉన్న ధాన్యాలు; రొయ్యలు, పీతల్లాంటివి; గుడ్డు; చేప; వేరుశెనగ; జీడిపప్పు, బాదం లాంటి నట్స్; సోయా; పాలు. వీటికి తోడు కిలోకి 10 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి సల్ఫైట్ అనే నిల్వ మందు ఉంటే అదీ చెప్పాలి. హోటల్ మెనూలో ఈ వివరం ఇవ్వాలన్న నిబంధన సెంట్రల్ లైసెన్స్ ఉన్నవాళ్లకి, 10 లేదా అంతకంటే ఎక్కువ చోట్ల బ్రాంచీలున్నవాళ్లకి. మనలాంటి ఒంటి హోటల్ వాళ్ల మీద ఆ బలవంతం లేదు. అందుకే మన ఊళ్లలో ఏ మెనూ కార్డులోనూ ఇది కనబడదు.

ఆ జాబితాలో నువ్వులు లేవు, ఆవాలు లేవు. యూరప్ జాబితాలో 14 ఉన్నాయి, అందులో ఈ రెండూ ఉన్నాయి. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి నువ్వుల్ని తొమ్మిదోదిగా చేర్చారు. మన వంటిల్లు చూడండి: ఆవ పెట్టిన పనసపొట్టు కూర, ఆవపిండి కలిపిన పులిహోర, గుత్తి వంకాయలోకి నువ్వులు, ఇడ్లీ కారంలో నువ్వులు. కాబట్టి ఏ ట్రైనింగ్ తీసుకున్నా, అక్కడ ఇచ్చిన జాబితా చివర చేత్తో ఈ రెండూ రాసుకోవాల్సిందే.

ఇంకొకటి. పాలు అరగకపోవడం వేరు, పాల ఎలర్జీ వేరు. మొదటిదానికి కడుపు ఉబ్బుతుంది, రెండోదానికి ప్రాణం మీదకి రావచ్చు. సర్వర్ ఈ రెండింటినీ విడదీయనక్కర్లేదు, అది డాక్టర్ పని. విడదీయడం నేర్పే ట్రైనింగ్ అయితే నాకు అనుమానమే. ‘పడదు’ అన్న ప్రతిసారీ ఒకే పద్ధతి నడవాలి.

ఫోస్టాక్ క్లాసు

ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. గుర్తించిన సంస్థలు నడిపే ట్రైనింగ్ ఇది. 2017లో మొదలైంది. బేసిక్, అడ్వాన్స్‌డ్, స్పెషల్ అని మెట్లుంటాయి, హోటళ్లకి కేటరింగ్ కోర్సు. లైసెన్స్ ఉన్న హోటల్‌లో ప్రతి 25 మంది పనివాళ్లకి కనీసం ఒక ట్రైనింగ్ పొందిన సూపర్‌వైజర్ ఉండాలి. సర్టిఫికెట్ రెండేళ్లు చెల్లుతుంది.

ఎలాగూ ఎవరో ఒకరు చెయ్యాల్సిందే కాబట్టి ఇది చెయ్యాలా వద్దా అన్నది ప్రశ్న కాదు. దీంతో ఎలర్జీ సంగతి తీరిపోతుందా అన్నదే ప్రశ్న. తీరదు. నేను వెళ్లిన క్లాసులో నీళ్లు, చేతులు కడగడం, ఫ్రిజ్ టెంపరేచర్, పచ్చి మాంసం వండినదానికి తగలకుండా పెట్టడం, ఎలుకలు, బొద్దింకలు... ఇవన్నీ బాగా చెప్పారు. ఎలర్జీ కొద్ది నిమిషాల్లో ముగిసింది. తప్పు పట్టడం లేదు, ఆ పూటలో అంతకంటే పట్టదు.

అసలు ఇబ్బంది వేరే ఉంది. నేర్చుకున్నది ఒక్కడు. మన రెండు జిల్లాల్లో హోటల్ కుర్రాడు ఒకే చోట రెండేళ్లు ఉండడం అపురూపం. సంక్రాంతికి ఇంటికెళ్లి, అటునుంచి అటే హైదరాబాద్ బస్సెక్కేస్తాడు. ఒడియా మాస్టర్లు జూన్‌లో రజ పండక్కి వెళ్తే ఎప్పుడొస్తారో వాళ్లకే తెలీదు. సర్టిఫికెట్ గోడ మీదే ఉంటుంది, మనిషి ఉండడు. అందుకని ఈ క్లాసుకి ఓనర్ గానీ, ఓనర్ ఇంట్లో మనిషి గానీ వెళ్లడం మంచిది. మా ఇంటావిడ కౌంటర్ చూస్తుంది, రెండోసారి తననే పంపాను.

ఫోన్‌లో చూసే కోర్సులు

బ్రిటన్ ఫుడ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ వాళ్లు ఎలర్జీ మీద ఉచితంగా ఆన్‌లైన్ కోర్సు పెట్టారు. ఎలర్జీ ఒక్కదాని మీదే కాబట్టి లోతుగా ఉంటుంది. నాకు ఎక్కువ ఉపయోగపడింది ఇదే. ఒక పదార్థం ఇంకోదానికి ఎలా అంటుకుంటుంది, కస్టమర్ చెప్పిన మాట వంటింటి దాకా వెళ్లేలోపు ఎక్కడ జారిపోతుంది అన్నవి వివరంగా చెబుతారు.

కానీ ఇంగ్లీషు. అందులోని సెలరీ (ఒక కాడల కూర), లూపిన్ (ఒక రకం గింజ) మన మాస్టర్ పుట్టి బుద్ధెరిగి చూసి ఉండడు. మన ఇంగువ గురించి అక్కడ వినబడదు. డబ్బా ఇంగువలో చాలావాటికి గోధుమ పిండి గానీ మైదా గానీ కలుపుతారు. వెనక అక్షరాలు చదివితే కనబడుతుంది. గోధుమ పడనివాడికి ‘సాంబారులో గోధుమ ఎందుకుంటుందండీ’ అని చెప్పే సర్వర్ నూటికి నూరుపాళ్లు నమ్మకంతోనే తప్పు చెబుతున్నాడు.

ఇది ఓనర్‌కో మేనేజర్‌కో పనికొస్తుంది. స్టాఫ్ అందరి ఫోన్లలోకి లింక్ పంపేసి ట్రైనింగ్ అయిపోయిందనుకుంటే, అది మనల్ని మనం మోసం చేసుకోవడమే. నేనూ పంపాను. ఒక్కడు తెరిచాడు, వాడు డిగ్రీ చదువుతూ పార్ట్ టైమ్ చేసేవాడు.

బయటినుంచి ట్రైనర్‌ని పిలిపించడం

విశాఖ నుంచి ఒకాయన్ని పిలిపించాను. మంచి మాటకారి. తెర కట్టి బొమ్మలు చూపించాడు, అందరూ చప్పట్లు కొట్టారు. పేరు ఎందుకులెండి. వారం తర్వాత మా సర్వర్‌ని ‘పులిహోరలో ఏమేం ఉంటాయి?’ అంటే ‘చింతపండు, పసుపు’ అన్నాడు. వేరుశెనగ గుళ్లు కళ్లకి కనబడుతున్నా వాడికి అది లెక్కలోకి రాలేదు. ఆయన చూపించిన బొమ్మల్లో పాస్తా, పిజ్జా, ఆక్టోపస్ ఉన్నాయి. పులిహోర లేదు.

ఇది పనికిరాని దారని అనను. ఇరవై ముప్పై మంది స్టాఫ్, రూములు, బార్, బాంకెట్ ఉన్న హోటల్‌కి ఓనర్ ఒక్కడే కూర్చుని నేర్పలేడు. అలాంటివాళ్లు డబ్బు కట్టే ముందు మూడు షరతులు పెట్టాలి. ఒకటి, క్లాసు ముందు ఆయన మన వంటింట్లో ఒక పూట నిలబడి చూడాలి. రెండు, మన మెనూ మీదే మాట్లాడాలి, లోపలున్న మాస్టర్లకి హిందీలో చెప్పగలగాలి. మూడు, నెల తర్వాత మళ్లీ వచ్చి పరీక్ష పెట్టాలి. మూడోదానికి ఒప్పుకోనివాణ్ణి నేనైతే పిలవను.

మన వంటింట్లోనే, మనమే

నేను చివరికి నిలబడింది ఇక్కడ. ఖర్చు తక్కువ, చాకిరీ ఎక్కువ.

మొదట మెనూ ముందేసుకున్నాను. 96 ఐటమ్స్. ఒక్కొక్కదానికి ఎనిమిది గడులు నింపాలంటే కళ్లు తిరిగాయి. మాస్టర్‌ని పక్కన కూర్చోబెట్టి అడిగితే తేలిందేమిటంటే, 96కీ వెనకున్న గ్రేవీలు నాలుగే. వైట్ గ్రేవీలో జీడిపప్పు, పుచ్చ గింజలు, పాలు. ఎర్ర గ్రేవీలో వెన్న, క్రీమ్, కాస్త జీడిపప్పు. ఉల్లి టమాటా గ్రేవీలో ఇవేవీ లేవు. చైనీస్ సాసుల్లో సోయా, ఆ సోయా సాస్‌లోనే చాలా బ్రాండ్లకి గోధుమ కూడా. మంచూరియాకి పైన మైదా ఎలాగూ ఉంది. ఈ నాలుగూ ఒక అట్ట మీద రాసి, ఏ కూర ఏ గ్రేవీలోంచి వస్తుందో గుర్తు పెడితే సగం పని అయిపోయింది. మెనూ మొత్తం బట్టీ పట్టించే ట్రైనింగ్ కంటే ఇది వంద రెట్లు నయం.

తర్వాత భాష. మా దగ్గర ముగ్గురు ఒడిశా వాళ్లు, ఒకతను బెంగాల్ నుంచి. నేను వేరుశెనగ అంటాను, ఒడియా మాస్టర్ దాన్ని ‘బాదాం’ అంటాడు. చినాబాదాం అని వాళ్ల మాట, వాడుకలో బాదాం అయిపోతుంది. మన సర్వర్‌కి బాదం అంటే బాదంపాలలో వేసేది. లోపలికెళ్లి ‘ఇందులో బాదం ఉందా?’ అని ఒకడడుగుతాడు, ‘ఉంది’ అని ఇంకొకడంటాడు, ఇద్దరూ వేరే వేరే గింజల గురించి మాట్లాడుతున్నారు. మనలో మనకే తక్కువ గొడవా? శెనగ అంటే ఒకరికి శెనగపప్పు, ఇంకొకరికి వేరుశెనగ.

అందుకని మాటలు వదిలేసి సీసాలు పెట్టాం. హార్లిక్స్ సీసాలంత గాజు సీసాలు పది. వేరుశెనగ గుళ్లు, జీడిపప్పు, బాదం, నువ్వులు, ఆవాలు, గోధుమ పిండి, సోయా గింజలు, ఎండు రొయ్యలు, పాలపొడి, గుడ్డు పెంకు. ఒక్కోదానికీ నంబర్ రాసి, మూత బిగించి టేపు వేశాం. కౌంటర్ వెనక అరలో ఉంటాయి. సర్వర్ కస్టమర్ చెప్పింది విని కెఓటి మీద, అంటే వంటింటికి వెళ్లే ఆర్డర్ చీటీ మీద, పెద్ద అక్షరాల్లో ‘పడదు – 1’ అని రాస్తాడు. లోపల మాస్టర్‌కి తెలుగు రానక్కర్లేదు, ఒకటో సీసా ఏదో అతనికి తెలుసు. కస్టమర్‌కి అనుమానంగా ఉంటే సీసా చూపించే అడుగుతాం, ‘ఇదేనాండీ?’ అని.

ఇక మాస్టర్లతో అసలు వాదన నూనె దగ్గర. ‘కాగిన నూనెలో ఏదీ బతకదు సార్’ అని మా మాస్టర్ పట్టుబట్టాడు. పురుగులు, క్రిములు బతకవు, నిజమే. కానీ ఎలర్జీ తెప్పించేది క్రిమి కాదు, ఆ పదార్థంలోని ప్రోటీన్. రొయ్యలు వేయించిన బాండీలో పకోడీ వేస్తే, నూనె ఎంత మరిగినా రొయ్య పకోడీకి అంటే ఉంటుంది. అలాగే చేతికి శానిటైజర్ రాసుకుంటే క్రిమి చస్తుంది, పల్లీ పొడి మాత్రం చేతికే ఉంటుంది. సబ్బు, నీళ్లు, రుద్దడం తప్ప మార్గం లేదు.

ఇది ఎంత చెప్పినా ఎక్కలేదు. చివరికి కార్తీక మాసం అక్కరకొచ్చింది. ఆ నెలలో ‘ఉల్లి, వెల్లుల్లి తగలకూడదండీ’ అని అడిగేవాళ్లకి మా మాస్టర్ ఏం చేస్తాడు? వేరే బాండీ తీస్తాడు, వేరే గరిటె తీస్తాడు, చేతులు కడుక్కుంటాడు, కత్తిపీట కూడా కడిగిస్తాడు. ఎవరూ నేర్పలేదు, ఏ సర్టిఫికెట్టూ లేదు. ‘పడదు – 1’ అని చీటీ వస్తే అది నీకు కార్తీక మాసం ఆర్డర్ అనుకో అన్నాను. ఆ రోజు నుంచి మళ్లీ చెప్పాల్సిన పని రాలేదు. మా స్టాఫ్‌లో కొందరు ఇప్పటికీ చీటీ రాగానే ‘కార్తీకం!’ అని కేకేస్తారు, మే నెలలో కూడా.

సర్వర్లకి నేర్పింది మాత్రం ఒక్క వాక్యం. ‘ఒక్క నిమిషం అండీ, లోపల అడిగి చెబుతాను.’ ‘ఉండదండీ’, ‘వెయ్యరండీ’, ‘కొంచెమే కదండీ’ అన్న మాటలు నిషేధం. జవాబు చెప్పే హక్కు షిఫ్ట్‌కి ఒకరికే, వాళ్ల జేబుకి ఎర్ర పెన్ను ఉంటుంది. ఉదయం మా ఇంటావిడ, రాత్రి మేనేజర్. అందరికీ అన్నీ నేర్పే కన్నా ఒకరికి బాగా నేర్పి, మిగతావాళ్లకి ఆ ఒకరి దగ్గరికి పరిగెత్తడం నేర్పడం సులువు. మనిషి మారినా పద్ధతి మిగులుతుంది. కొత్తవాడికి మొదటిరోజు పావుగంట సీసాల దగ్గర నిలబెడతాం, అంతే.

దీనికీ లోపాలున్నాయి. ఓనర్‌కి తెలియని తప్పు ఓనర్ నేర్పలేడు. నేను ఆ బ్రిటన్ కోర్సు చూడకపోయి ఉంటే నూనె సంగతి నాకూ తెలియదు. గానుగ నూనె సంగతీ అంతే. రిఫైన్డ్ వేరుశెనగ నూనెలో ప్రోటీన్ దాదాపు పోతుంది, గానుగ నూనెలో మిగిలి ఉంటుంది. ‘మా దగ్గర గానుగ నూనె’ అని బోర్డు పెట్టుకున్నవాళ్లు ఆ మాటే వేరుశెనగ పడనివాడికి హెచ్చరిక అని తెలుసుకోవాలి. అందుకే ఈ దారి ఎంచుకునేవాళ్లు ముందు తామొకరు ఫోస్టాకో ఆన్‌లైన్ కోర్సో పూర్తి చెయ్యాలి. ఊరికే ‘నాకు తెలుసులే’ అని మొదలుపెడితే తప్పుల్నే శ్రద్ధగా నేర్పుతాం.

‘మా దగ్గర కుదరదండీ’ అని చెప్పడం

దీన్నీ ఒక దారిగా చూడమంటాను. మా బావ ఎంచుకున్నది ఇదే.

టిఫిన్ సెంటర్ చూడండి. ఒకే పెనం మీద ఉల్లి దోసె, రవ్వ దోసె, గుడ్డు దోసె. రవ్వ దోసెలో బొంబాయి రవ్వ ఉంది, అంటే గోధుమ. చట్నీ బకెట్లు మూడు పక్కపక్కన, రద్దీలో గరిటె అందులోంచి ఇందులోకి. అన్నిటికంటే మోసం కొబ్బరి చట్నీ. కొబ్బరికాయ ధర పెరిగిన వారం అందులో పల్లీల వాటానో పుట్నాల వాటానో పెరుగుతుంది, తగ్గిన వారం తగ్గుతుంది. నిన్న ఉన్నది ఇవాళ ఉండదు. ఇడ్లీ కారంలో ఏముందో రుబ్బినవాడికే తెలుసు. ఐదుగురు, రోజుకి వందల ప్లేట్లు, ఉదయం ఏడు నుంచి పది దాకా ఊపిరి తిరగదు. అక్కడ వేరే పెనం, వేరే గరిటె అని బోర్డు పెడితే అది అబద్ధపు హామీ. హామీ నమ్మి తిన్నవాడికి, హామీ లేక మానేసినవాడికి తేడా పెద్దది.

అందుకని బావ గోడ మీద ఇలా రాయించాడు: ‘మా చట్నీలన్నిటిలో వేరుశెనగ ఉండవచ్చు. ఒకే పెనం మీద గుడ్డు, గోధుమ రవ్వ కూడా వేస్తాం. పడనివాళ్లు దయచేసి ముందు అడగండి.’ ఐదుగురికీ నేర్పింది రెండే. అడిగితే బోర్డు చూపించాలి. వేరుశెనగ పడదన్నవాళ్లకి ‘పర్లేదు తినండి’ అనకుండా, చట్నీ లేకుండా ఆవిరి ఇడ్లీ ఇవ్వగలమా లేదా అని బావనే అడగాలి. బేరం పోతుందని మొదట భయపడ్డాడు. ఒక్కరో ఇద్దరో వెనక్కి వెళ్లారట. వాళ్లు వెళ్లడమే కదా కావలసింది.

కాకపోతే దీన్ని సాకుగా వాడుకునే హోటళ్లున్నాయి. మెనూ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ‘అన్ని పదార్థాల్లో అన్నీ ఉండవచ్చు’ అని అచ్చేసి చేతులు దులుపుకోవడం. ఏమీ చెప్పనట్టే అది. బోర్డు మీద పదార్థం పేరు ఉండాలి, తెలుగులో ఉండాలి, డబ్బులిచ్చే ముందే కనబడాలి.

మరి మీకేది?

ఆరేడుగురికి మించని టిఫిన్ సెంటర్, కర్రీ పాయింట్, బజ్జీల బండి అయితే బావ దారి. దాంతోపాటు ఓనర్ ఒక్కరు ఫోస్టాక్ చేస్తే చాలు. కర్రీ పాయింట్ వాళ్లు ఎండు రొయ్యలు, వేరుశెనగ ముద్ద వేసిన కూరల కవర్ల మీద స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టండి. ఇంటికెళ్లాక ఎవరు తింటారో మనకి తెలియదు.

పది నుంచి పాతిక మంది ఉన్న ఫ్యామిలీ రెస్టారెంట్, మెస్, బిర్యానీ హోటల్ అయితే సీసాలు, ఎర్ర పెన్ను. ముందు ఓనర్ కోర్సు, తర్వాత గ్రేవీల అట్ట, తర్వాత రోజూ షట్టర్ ఎత్తే ముందు ఐదు నిమిషాలు. ‘ఇవాళ కొత్తగా ఏం కలిపాం? ఏ బ్రాండ్ మారింది?’ ఇంతే అడగాలి. సోయా సాస్ బ్రాండ్ మారినా అట్ట మారాలి.

అంతకంటే పెద్దవాళ్లకి బయటి ట్రైనర్, పైన చెప్పిన షరతులతో.

హైవే మీది దాబాలకి, అంటే ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా వరసగా కనబడేవాటికి, తెలుగు రాని కస్టమర్లు ఎక్కువ. వాళ్లకి సీసాల పద్ధతే బాగా నడుస్తుంది. పెళ్లి కేటరింగ్ సంగతి వేరు. బఫేలో అతిథులే గరిటెలు మార్చేస్తారు. అక్కడ గిన్నె ముందు పేరు కార్డు పెట్టడం, అడిగినవాళ్లకి లోపలినుంచి విడిగా వడ్డించడం తప్ప ఎంత ట్రైనింగ్ ఇచ్చినా లాభం తక్కువ. సిరిమానోత్సవం, రథసప్తమి లాంటి రద్దీ రోజుల్లో అయితే మేమే ‘ఈ రెండ్రోజులూ పడని ఆర్డర్లు తీసుకోం’ అని చెప్పేస్తాం. తాత్కాలికంగా వచ్చిన కుర్రాళ్లతో పద్ధతి నడవదని ఒక ఏడాది అనుభవంతో తెలిసింది.

ఏ దారైనా ఇది మాత్రం అందరికీ

తిన్న కొద్ది నిమిషాల్లోనో గంట రెండు గంటల్లోనో దద్దుర్లు, పెదాలు నాలుక వాపు, గొంతు బిగుసుకోవడం, గురక లాంటి ఊపిరి, వాంతులు, కళ్లు తిరగడం కనబడితే మజ్జిగ ఇవ్వడం, బాత్రూమ్‌కి నడిపించడం, ‘గాలి తగిలితే తగ్గుద్ది’ అని బయట నిలబెట్టడం, ఇవేవీ చెయ్యకూడదు. మనిషిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా పెట్టాలి. ఊపిరి అందకపోతే కూర్చోబెట్టాలి. నడవనివ్వకూడదు, ఒంటరిగా వదలకూడదు. 108కి ఫోన్ చేసి ‘ఎలర్జీ, ఊపిరి ఆడట్లేదు’ అని స్పష్టంగా చెప్పాలి. ఊపిరి, గొంతు, స్పృహ దాకా వచ్చినప్పుడు సిట్రిజిన్ మాత్ర కాపాడదు. కావాల్సింది తొడ కండలో ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్, అది మన ఊళ్లలో ఎక్కువగా ఆసుపత్రుల్లోనే ఉంటుంది. అందుకే పరుగు అటే. కాస్త తగ్గినట్టుండి కొన్ని గంటలకి మళ్లీ తిరగబెట్టవచ్చు, కాబట్టి ‘తగ్గిపోయిందండీ, ఇంటికెళ్తాం’ అన్నా ఆసుపత్రికే పంపాలి. ఆ కస్టమర్ ప్లేటు కడిగేయకుండా పక్కన పెట్టండి. ఏం తిన్నాడో డాక్టర్ అడుగుతాడు.

బిల్లు అడగొద్దని కూడా మా వాళ్లకి చెప్పాల్సి వచ్చింది. నవ్వొద్దు, ఆ రోజు మా క్యాషియర్ అడిగాడు.

ట్రైనింగ్ పని చేసిందో లేదో

సర్టిఫికెట్ చూసి తెలియదు, పరీక్ష పేపర్ చూసీ తెలియదు. నెలకోసారి మా స్టాఫ్‌కి తెలియని చుట్టాన్నో స్నేహితుణ్ణో పంపుతాను. జనం నిండుగా ఉన్న టైమ్‌లో, ఆర్డర్ చివర్లో, మాట మధ్యలో కలిపేసినట్టు ‘అన్నట్టు తమ్ముడూ, నాకు పల్లీ పడదు’ అనమంటాను. ఎలర్జీ అన్న మాట వాడొద్దంటాను. అప్పుడు కుర్రాడు తలూపి వెళ్లిపోయాడా, ఎర్ర పెన్ను దగ్గరికి వెళ్లాడా, చీటీ మీద నంబర్ పడిందా అని చూస్తాం.

మొదటి నెల పంపిన ముగ్గురిలో ఇద్దరికి ‘ఉండదండీ’ అనే జవాబొచ్చింది. ఇప్పుడు అలా రావడం అరుదు. కిందటి నెల మా పిన్నిని పంపితే, కొత్తగా చేరిన పార్వతీపురం కుర్రాడు ‘ఒక్క నిమిషం పిన్నిగారూ, అడిగి చెబుతాను’ అన్నాడట. లోపలికెళ్లి మూడు నిమిషాలైనా రాలేదు. ఆవిడ లేచి చూస్తే, వాడు కౌంటర్ వెనక ఒకటో సీసా చేత్తో పట్టుకుని మాస్టర్‌తో గొడవ పడుతున్నాడు, పులుసులో ఈ గింజల పొడి పడిందా లేదా కచ్చితంగా చెప్పమని.